ఐదు రోజులు, ఐదు ‘ఎందుకు’లు

సోనీ ఇంటరాక్టివ్ ఎంటర్‌టైన్‌మెంట్ అధ్యక్షులు హిడెయాకి నిషినో గారికి,

మీ పేరు చివర ‘సాన్’ అనాలని తెలుసు. మా వైపు ‘గారు’ అంటే అంతకు తక్కువేం కాదు.

నేను మీ ఖాతాదారుణ్ని కాను. మా ఇంట్లో ప్లేస్టేషన్ లేదు. కాబట్టి ఇది ఫిర్యాదు కాదు, డబ్బు వాపసు ఇమ్మనీ అడగడం లేదు. పదహారేళ్లుగా హైదరాబాద్ మాధాపూర్‌లో సర్వర్లకు కాపలా కాసే ఉద్యోగం నాది. మా తాతల కాలంలో ఊరి చెరువు కింద నీరటి ఒకాయన ఉండేవాడు. ఏ మడికి ఎన్ని నీళ్లు వదలాలో, కట్టకు ఎక్కడ గండి పడేట్టుందో చూసుకోవడమే ఆయన పని. నా పనీ అలాంటిదే, తేడా అల్లా రాత్రిపూట చేతిలో లాంతరు బదులు ఫోన్ ఉంటుంది. ఎక్కడో సముద్రాల అవతల ఓ సిస్టమ్ పడిపోతే అర్ధరాత్రి రెండింటికి ఆ ఫోన్ మోగుతుంది. నేను లేస్తాను, నాతోపాటు మా ఆవిడా లేస్తుంది, పిల్లాడు పక్కకి తిరిగి పడుకుంటాడు. ఈ ఉత్తరం ఆ ఉద్యోగం రాయిస్తున్నదే.

2025 ఫిబ్రవరి 8 సంగతి మాట్లాడదాం. మాకది రెండో శనివారం, ప్రభుత్వ ఆఫీసులకు సెలవు. టీవీలన్నీ ఢిల్లీ అసెంబ్లీ ఓట్ల లెక్కింపులో మునిగి ఉన్న రోజు. తెల్లవారుజామున అయిదున్నర ప్రాంతంలో ప్లేస్టేషన్ నెట్‌వర్క్ పడిపోయింది. అమెరికా తూర్పు తీరంలో అప్పుడు శుక్రవారం రాత్రి ఏడు. లాగిన్ లేదు, స్టోర్ లేదు, ఆన్‌లైన్ ఆట లేదు. 

ఆ గడియ ఎంత చెడ్డదో చెప్పాలంటే మా ఇళ్ల సంగతి కాస్త చెప్పాలి. తెలుగువాళ్ల ఇళ్లలో ఒక పిల్లాడు అమెరికాలో, ఒకడు ఇక్కడ ఉండటం ఇప్పుడు వింతేమీ కాదు. శుక్రవారం సాయంత్రం డల్లాస్‌లో లాప్‌టాప్ మూసిన అన్నకి, శనివారం పొద్దున్నే వరంగల్‌లో నిద్ర లేచిన తమ్ముడికి వారం మొత్తంలో తీరిక కలిసొచ్చేది ఆ రెండు మూడు గంటలే. ఫోన్‌లో అయితే ‘తిన్నావా’, ‘తిన్నా’ తర్వాత ఇద్దరికీ మాటలు అయిపోతాయి. ఒకే జట్టులో దిగి ఆడుతుంటే మాత్రం వాటంతటవే వస్తాయి. ‘ఒరేయ్, వెనక చూడరా’ దగ్గర మొదలై నాన్న బీపీ మాత్రల దాకా వెళ్తాయి. ఆ రోజు సరిగ్గా ఆ గంటలోనే తలుపు మూసుకుంది. ఇదొక్క తెలుగువాళ్ల గొడవే కాదులెండి. ఆ వారాంతం క్యాప్‌కామ్ వాళ్ల ‘మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్’ ఆట విడుదలకు ముందు ఆడిచూసే బీటా నడుస్తోంది. మీ వల్ల పోయిన సమయానికి బదులుగా వాళ్లు దాన్ని ఇంకో 24 గంటలు పొడిగించాల్సి వచ్చింది.

మీ కంపెనీ మొదట ఏం చెప్పింది? కొందరు వినియోగదారులకు ఇబ్బంది ఎదురవుతూ ఉండవచ్చని, ఆ విషయం మా దృష్టికి వచ్చిందని. కొందరు! ఉండవచ్చు! పెళ్లిపందిరి మొత్తం కూలిపోయాక ‘కొందరు అతిథులకు అసౌకర్యం కలిగి ఉండవచ్చు’ అని మైకులో చెప్పినట్టుంది. మీ లెక్కల ప్రకారమే 2024 డిసెంబర్ నాటికి నెలకు 12.9 కోట్ల మంది మీ నెట్‌వర్క్‌లోకి వస్తున్నారు. మీ స్టేటస్ పేజీలో ఖాతాలు, స్టోర్, ఆటలు అన్నిటి పక్కనా సమస్య గుర్తు పెట్టింది మీరే. అలాంటప్పుడు కొందరనే మాట ఎవరి నోట వచ్చింది, దాన్ని ఎవరు ఆమోదించారు?

దాదాపు ఒక పూర్తి రోజు గడిచాక నెట్‌వర్క్ లేచింది. అప్పుడు ఇంకో ప్రకటన. ఒక ‘ఆపరేషనల్ ఇష్యూ’ నుంచి కోలుకున్నాం, చందా కట్టే ప్లేస్టేషన్ ప్లస్ సభ్యులందరికీ ఐదు రోజులు అదనంగా ఇస్తున్నాం, క్షమించండి. అంతే. ఆ తర్వాత ఆ ఊసే లేదు.

‘ఆపరేషనల్ ఇష్యూ’, ‘ఐదు రోజులు’, ఈ రెండు మాటల మీదే నా ఉత్తరం. ‘ఆపరేషనల్ ఇష్యూ’ అన్నది నా వృత్తిలో అర్థం ఉన్న మాట కాదు. అన్నం ఎందుకు మాడిందమ్మా అంటే ‘వంట సమస్య’ అన్నట్టు. ఎవరూ చొరబడలేదని చెప్పడానికి వాడారా? అయితే ఆ మాటే నేరుగా అనొచ్చు. 2011లో బయటివాళ్లు చొరబడ్డ తర్వాత ప్లేస్టేషన్ పడిపోయిన ప్రతిసారీ జనానికి మొదట వచ్చే అనుమానం అదే మరి. సర్టిఫికెట్ గడువు తీరిందా, డేటాబేస్ నిండిందా, రూటర్‌లో ఎవరైనా తప్పు లైను కొట్టారా, శుక్రవారం సాయంత్రం కొత్త కోడ్ ఎక్కించారా? (శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌ని, అంటే జనం వాడుతున్న సిస్టమ్‌ని, ముట్టుకోకూడదన్నది మా వాళ్లలో అమావాస్యనాడు ప్రయాణం పెట్టుకోకూడదన్నంత గట్టి నమ్మకం.) ఇందులో ఏదైనా కావచ్చు, అన్నీ కావచ్చు. మీకు తెలుసు. మాకు చెప్పలేదు.

నేను నీతులు చెప్పే స్థానంలో ఏమీ లేను. కొన్నేళ్ల క్రితం నా చేతి మీదుగానే ఒక సిస్టమ్ పడింది. ఓ విదేశీ సూపర్‌మార్కెట్ సంస్థ బిల్లింగ్. వాళ్ల పేరు చెప్పను, మా కంపెనీ పేరూ చెప్పను. వాళ్ల దేశంలో పండగ ముందు శనివారం, కౌంటర్ల దగ్గర ట్రాలీలు బారులు తీరి ఉన్న సమయంలో 2 గంటల 40 నిమిషాలు బిల్లు పడలేదు. కారణం ఒక సర్టిఫికెట్, అంటే సర్వర్లు ఒకదానికొకటి చూపించుకునే గుర్తింపు కార్డు లాంటిది. దాని గడువు ఆ రోజుతో తీరింది. అందరూ ఒకే లైన్లో కలిసి కారణం వెతికే బ్రిడ్జ్ కాల్‌లో నలభై మంది. ఒకరు నెట్‌వర్క్ అంటారు, ఒకరు డేటాబేస్ అంటారు, ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతకి తలా ఒక మద్దెల. చివరికి అది నా జాబితాలో ఉండాల్సిన సర్టిఫికెట్ అని తేలింది. 

మర్నాడు మా మేనేజర్ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ‘ఆర్‌సీఏ రాయి’ అన్నాడు. రూట్ కాజ్ అనాలిసిస్, అంటే ఎందుకు పడిందో వేరు దాకా తవ్వి రాయడం. దానికి మేం వాడే పద్ధతి ఐదు ‘ఎందుకు’లు. బిల్లింగ్ ఎందుకు ఆగింది? సర్టిఫికెట్ గడువు తీరింది. ఎందుకు తీరనిచ్చారు? గుర్తుచేసే మెయిల్ ఎవరూ చూడలేదు. ఎందుకు చూడలేదు? అది ఉద్యోగం మానేసిన ఒకతని మెయిల్‌కి వెళ్తోంది. ఎందుకు మార్చలేదు? అతను వెళ్లేటప్పుడు అప్పగింతల జాబితాలో అది లేదు. ఎందుకు లేదు? ఆ జాబితా తయారుచేసింది నేను, తొందరలో పాతదే దించేశాను. ఐదో ‘ఎందుకు’ దగ్గర నా పేరు నేనే రాసుకున్నప్పుడు వేళ్లు వణికాయి. ఆ కాగితం ఆ సంస్థకు వెళ్లింది. వాళ్లు చదివారు, రెండు ప్రశ్నలు అడిగారు, ఒప్పందం కొనసాగించారు. నా ఉద్యోగమూ ఉంది.

ఈ ఐదు ‘ఎందుకు’ల పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో మీకు నేను చెప్పక్కర్లేదు. మీ దేశంలోని టొయోటా నుంచి. యంత్రం ఆగితే ఫ్యూజు మార్చి ఊరుకోకు, ఎందుకు ఆగిందో అడుగు, వచ్చిన జవాబుని మళ్లీ ఎందుకని అడుగు అని తన కార్మికులకు నేర్పిన తైచీ ఓనో గారి పుస్తకం మా శిక్షణ తరగతుల్లో పేరు చెప్పి మరీ పాఠంగా చెప్పారు. జపాన్ వాళ్లు నేర్పిన పద్ధతిలో మాధాపూర్‌లో మేం సంజాయిషీలు రాసుకుంటున్నాం. జపాన్ కంపెనీ దగ్గర ఒక్క ‘ఎందుకు’కి కూడా జవాబు రాలేదు.

పాతది తవ్వుతున్నానని అనుకోకండి, 2011 గురించి మాట్లాడకుండా ఈ ఉత్తరం పూర్తి కాదు. ఇప్పుడు ఇరవై ఏళ్లున్న కుర్రాళ్లకు అది తెలియదు కూడా. ఆ ఏడాది ఏప్రిల్ 19న ‘పోర్టల్ 2’, ‘మోర్టల్ కోంబాట్’, ‘సోకామ్ 4’ ఒకే రోజు మార్కెట్లోకి వచ్చాయి. మర్నాడు, ఏప్రిల్ 20న, నెట్‌వర్క్ ఆగిపోయింది. ముందు ఈస్టర్ సెలవులు. కొత్త డిస్కు చేతిలో, నాలుగు రోజుల సెలవు ముందర, తెరమీద మాత్రం 80710ఏ06 అనే ఓ కోడ్, మెయింటెనెన్స్ జరుగుతోందన్న ముక్క. రెండు రోజుల తర్వాత గానీ బయటివాళ్లు చొరబడ్డారన్న మాట రాలేదు. ఖాతాదారుల పేర్లు, చిరునామాలు, పుట్టిన తేదీలు, పాస్‌వర్డ్‌లు పోయాయని చెప్పింది ఏప్రిల్ 26న. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని మా సామెత. ఇక్కడ ఆరు రోజులు. సుమారు 7.7 కోట్ల ఖాతాలు. తర్వాత మే 2న ఇంకో పిడుగు. సోనీ ఆన్‌లైన్ ఎంటర్‌టైన్‌మెంట్ వైపు మరో 2.46 కోట్ల ఖాతాలు, 2007 నాటి పాత డేటాబేస్ ఒకటి మూల పడి ఉంటే అందులోంచి అమెరికా బయటివాళ్ల 12,700 కార్డు నంబర్లు కూడా పోయాయన్నారు. పాత డేటాబేస్ ఎందుకు ఉంచుకున్నారో నేను అడగను. ప్రతి కంపెనీ అటక మీదా అలాంటిది ఒకటి ఉంటుంది. మా అటక మీదా ఉంది.

మే 1న టోక్యోలో అప్పటి ప్లేస్టేషన్ అధిపతి కజువో హిరాయ్ గారు, మరో ఇద్దరు అధికారులు విలేకరుల ముందు తలలు వంచి నిలబడ్డ ఫొటో ప్రపంచమంతా చూసింది. చాలామందికి ఆ వంగడమే గుర్తుంది. నాకు గుర్తున్నది వేరు. చొరబాటుకు దారిచ్చిన లోపం లోకానికి అప్పటికే తెలిసినదేననీ, తమ యాజమాన్యానికే తెలియలేదనీ ఆ సమావేశంలో ఒప్పుకున్నారు. సమాచార భద్రతకే ప్రత్యేకంగా ఒక ముఖ్య అధికారి పదవి పెడతామన్నారు, అంటే అప్పటిదాకా లేదన్నమాట. అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం ప్రశ్నలు పంపితే సభ్యుల ముందుకు రాలేదు గానీ హిరాయ్ గారు పేజీలకు పేజీలు జవాబు రాశారు. ఏ రోజున ఏం కనిపెట్టాం, ఏ సర్వర్లు ఎప్పుడు ఆపాం, బయటి నిపుణుల్ని ఎప్పుడు పిలిచాం, అన్నీ వరసగా. ఉపసంఘానికి అధ్యక్షురాలైన మేరీ బోనో మాక్, సమాచారం కోసం ఖాతాదారులే వెతుక్కోవాల్సి వచ్చిందని మీ కంపెనీని మందలించారు. అమెరికా, ఐరోపాల్లో మే మధ్యలో నెట్‌వర్క్ తెరుచుకుంది. మీ సొంత దేశంలో ప్రభుత్వం భరోసాలు అడగడంతో మే 28 దాకా ఆగాల్సి వచ్చింది. అంత పెద్ద చెడ్డ కథ అది. అయినా అందులో ఒక మర్యాద ఉంది. ఆలస్యంగానైనా, తిట్లు తిన్నాకైనా, జరిగింది చెప్పారు.

దానికి అయిన ఖర్చు 1,400 కోట్ల యెన్‌లని మీ కంపెనీయే అప్పట్లో అంచనా వేసింది. 2013 జనవరిలో బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం 2.5 లక్షల పౌండ్ల జరిమానా వేస్తూ, సాఫ్ట్‌వేర్ సకాలంలో అప్‌డేట్ చేసి ఉంటే ఇది జరిగేది కాదని చెప్పింది. మీ వాళ్లు అప్పీలుకు వెళ్లారు, తర్వాత వెనక్కి తీసుకున్నారు. వాదించాలంటే భద్రతా ఏర్పాట్ల వివరాలు బయటపెట్టాల్సి వస్తుంది, అందుకని జరిమానాయే నయమనుకున్నారు. ఈ ఒక్క చోట మీ వైపు కాస్త న్యాయం ఉందని నేనూ ఒప్పుకుంటాను. తాళం ఎలా విరిగిందో వివరంగా చెబితే ఇంకో దొంగకి పాఠమవుతుంది. కానీ 2025లో దొంగ మాట ఎత్తకుండా ‘ఆపరేషనల్ ఇష్యూ’ అన్నది మీరే కదా. దొంగే లేని చోట దాపరికం ఎవరి నుంచి?

ఎలా చెప్పొచ్చో చూపించినవాళ్లు మీ పరిశ్రమలోనే ఉన్నారు. 2021 అక్టోబర్ చివర్లో రోబ్లాక్స్ 73 గంటలు పడిపోయింది. మూడు రోజులు! అందులో ఆడేది ఎక్కువగా పిల్లలు, కాబట్టి ఆ మూడు రోజులు తల్లిదండ్రుల గతి ఏమిటో ఊహించుకోవచ్చు. మూడు నెలలకు, 2022 జనవరిలో, వాళ్లు ఒక సుదీర్ఘమైన నివేదిక బయటపెట్టారు. సర్వర్లు ఒకదాన్నొకటి వెతుక్కోవడానికి వాడే కాన్సుల్ అనే సాఫ్ట్‌వేర్‌లో కొత్త సౌకర్యం ఒకటి ఆన్ చేశాం, అది మా రద్దీకి తట్టుకోలేదు, కింద ఉన్న డేటాబేస్‌లో ఇంకో జబ్బు బయటపడింది, మొదట్లో హార్డ్‌వేర్ పాడైందని అనుమానపడి సమయం పోగొట్టుకున్నాం, పర్యవేక్షణ పరికరాలు కూడా అదే వ్యవస్థ మీద ఆధారపడి ఉండటంతో మాకు కళ్లు కనబడలేదు అని గ్రాఫులతో సహా రాశారు. మా టీమ్‌లో ఆ నివేదికని ప్రింటు తీసి ఒకరి తర్వాత ఒకరు చదువుకున్నాం. కాన్సుల్ మేమూ వాడతాం. వాళ్ల దెబ్బ చూసి మా ఇంట్లో రెండు కిటికీలు మూసుకున్నాం. 

ఫేస్‌బుక్ 2021 అక్టోబర్ 4న ఆరు గంటలపాటు మాయమైంది. నిర్వహణ పనిలో కొట్టిన ఒక కమాండ్ వెన్నెముక లాంటి నెట్‌వర్క్‌ని తెంపేసిందని, దాన్ని ఆపాల్సిన తనిఖీ సాధనంలోనే బగ్ ఉందని మర్నాడే చెప్పారు. 2024 జూలై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రయిక్ అప్‌డేట్ 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. శంషాబాద్‌లో విమానం ఎక్కేవాళ్లకి బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు, ఆ కాగితం ఫొటో దేశమంతా తిరిగింది. మూడు వారాలు తిరక్కుండా వాళ్లు పూర్తి కారణం ప్రచురించారు. 21 విలువలు వస్తాయని రాసుకున్న చోట 20 మాత్రమే అందాయి, ఇరవై ఒకటో దాని కోసం వెతికి కంప్యూటర్లు చచ్చాయి. ఎంత సిగ్గుచేటైన పొరపాటు! అయినా చెప్పారు.

‘ఆటలేగా, ఒక రోజు ఆడకపోతే ఏం కొంపలు మునిగాయి’ అనేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. నిజమే, ఏ ఆస్పత్రిలోనూ ఆక్సిజన్ ఆగలేదు. ఆ రోజు కొందరు గేమర్లు పెట్టిన శోకాలు చూస్తే నాకూ నవ్వొచ్చింది. జీవితంలో మొదటిసారి కిటికీ తీసి ఎండ చూశామన్న జోకులకు కొదవే లేదు. కానీ ఒక మాట. ప్లేస్టేషన్ 3 కాలంలో ఆన్‌లైన్ ఆటకు మీరు డబ్బు తీసుకోలేదు. 2013లో ప్లేస్టేషన్ 4తోపాటు ఆ పద్ధతి మారింది, చాలా ఆటల్ని ఆన్‌లైన్‌లో ఆడాలంటే ప్లస్ చందా కట్టాలి. ఊరికే ఇచ్చిన మజ్జిగ పులిసినా ఎవరూ అడగరు. చందా తీసుకున్నాక అడుగుతారు. సినిమా మధ్యలో కరెంటు పోతే మా థియేటర్లలో కుర్చీలు విరిగేవి. అది కూడా సినిమాయేగా?

నాకు చందా కన్నా పెద్దగా తోచే విషయం ఇంకొకటుంది. ఆ రోజు ఒంటరిగా ఆడుకునే ఆట, ముందే డబ్బిచ్చి కొని దించుకున్న ఆట కూడా కొందరికి తెరుచుకోలేదు. మీ కన్సోల్ షేరింగ్ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో మీకు తెలుసు. ఒక ఖాతాకి ఒక కన్సోలే సొంతిల్లు. అక్కడ నెట్ లేకపోయినా ఆట తెరుచుకుంటుంది. రెండో కన్సోల్‌లో అదే ఖాతాతో ఆడాలంటే ప్రతిసారీ మీ సర్వర్ ‘సరే’ అనాలి. ఇక్కడ ఒక్కో కొత్త ఆట నాలుగైదు వేలు. ఇద్దరు స్నేహితులో అన్నదమ్ములో చెరిసగం వేసుకుని కొని, ఒకరి ఖాతా ఇంకొకరి పెట్టెలో పెట్టుకోవడం మామూలు. ఆ వెసులుబాటు ఉన్నది మీ ఏర్పాటులోనే. మీ సర్వర్ మూగబోయిన రోజు వాళ్ల అలమరాకు తాళం పడింది, తాళంచెవి మీ జేబులో ఉంది. పైగా డిస్కు పెట్టే చోటే లేని కన్సోల్‌లు అమ్ముతున్నారు. ప్లేస్టేషన్ 5 ప్రో అలాగే వచ్చింది. డిస్క్ డ్రైవ్ విడిగా కొని బిగించుకుంటే దాన్ని కూడా మొదటిసారి ఇంటర్నెట్‌లో నమోదు చేయించాలి. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి కొత్త చట్టం వచ్చింది. డిజిటల్ దుకాణం ‘కొనండి’ అని బటన్ పెడితే, మీరు కొంటున్నది సొంతానికి కాదు, వాడుకునే అనుమతి మాత్రమేనని స్పష్టంగా చెప్పాలి. మీ అమెరికా ప్రధాన కార్యాలయం ఉన్నది ఆ రాష్ట్రంలోనే. అనుమతి అన్నారు, బాగానే ఉంది. అనుమతి ఇచ్చే మనిషి నిద్రపోతే మా గతేమిటన్నది ఆ చట్టంలో కూడా లేదు.

నా కుర్రతనంలో ఈ బాధ లేదు. 2004 ప్రాంతంలో అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఒక నెట్ సెంటర్ ఉండేది. పన్నెండు కంప్యూటర్లు, మూలన ఒక స్విచ్, నేలమీద పాముల్లా కేబుళ్లు. జావా కోర్సు అని ఇంట్లో చెప్పి కౌంటర్ స్ట్రయిక్ ఆడేవాళ్లం. నెట్ పోయినా మా ఆట ఆగేది కాదు, గదిలో మేం మేమే కదా. కరెంటు పోతే ఆగేది. అప్పుడు ఓనరు, మేం సత్తన్న అనేవాళ్లం, కొవ్వొత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడి చెప్పేవాడు: ‘ట్రాన్స్‌ఫార్మర్ కాలిందంట తమ్మీ. లైన్‌మన్‌కి ఫోన్ చేసిన, గంట పడుతది. ఉంటే ఉండుండ్రి, లేకపోతే పైసల్ తీసుకోండ్రి.’ ఏమైంది, ఎంతసేపు, మాకేమిటి, మూడూ వచ్చేశాయి. పదో తరగతి దగ్గర చదువు ఆపేసిన మనిషి. ఆయనకి పీఆర్ విభాగం లేదు.

ఐదు రోజుల విషయానికొస్తే, లెక్కప్రకారం మీరే ధర్మాత్ములు. పోయింది ఒకటి, ఇచ్చింది ఐదు. ప్లస్ చందా లేనివాళ్లకు మాత్రం సున్నా. 2014 క్రిస్మస్ నాడు లిజార్డ్ స్క్వాడ్ పేరుతో కొందరు ఆకతాయిలు దాడి చేసి పడగొట్టినప్పుడూ మీరు ప్లస్ చందా పొడిగించింది ఐదు రోజులే. దొంగలొచ్చి పడగొట్టినా ఐదు, మీ అంతట మీరు పడినా ఐదు. ఎక్కడో ఒక రేటు కార్డు రాసిపెట్టి ఉన్నట్టుంది. 

మా దేశంలో చట్టాలు ఏమంటున్నాయో చూశాను. సైబర్ దాడి జరిగితే 6 గంటల్లో తనకు చెప్పాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించింది. వ్యక్తిగత డేటా పోతే 2023 నాటి చట్టం ప్రకారం బాధితులకు చెప్పాలి, చెప్పకపోతే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉంది. దాడీ లేక, డేటా కూడా పోక, కేవలం పడిపోతే? ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఆ సందులోనే మీ ‘ఆపరేషనల్ ఇష్యూ’ హాయిగా కూర్చుంది. కాబట్టి చట్టం పేరు చెప్పి మిమ్మల్ని అడగలేను.

అడగడానికి నాకున్న ధైర్యం వేరే. మీ కంపెనీ చెబితే వినే రకమేనని రెండుసార్లు తేలింది. 2021లో ప్లేస్టేషన్ 3, వీటా స్టోర్లు మూసేస్తామని ప్రకటించి, గొడవ అయ్యాక మూడు వారాల్లో ‘మేం తీసుకున్నది తప్పు నిర్ణయం’ అని అప్పటి అధిపతి జిమ్ రయన్ ఒప్పుకున్నారు. 2024 మేలో ‘హెల్‌డైవర్స్ 2’ని పీసీలో ఆడేవాళ్లు కూడా మీ ఖాతా తెరవాల్సిందేనన్నారు. మీ నెట్‌వర్క్ లేని దేశాల వాళ్లు ఏం కావాలని ఆటగాళ్లు తిరగబడితే కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గారు. తప్పు ఒప్పుకున్నందుకు ఆ రెండుసార్లూ మీ పెట్టెలు అమ్ముడుపోవడం ఆగలేదు.

నేను అడిగేది ఒక పేజీ. ఆ శనివారం మొదట ఏది పడింది, దాంతోపాటు మిగతావన్నీ ఎందుకు పడ్డాయి, లేపడానికి ఒక రోజు ఎందుకు పట్టింది, మళ్లీ పడకుండా ఏం మార్చారు. ఇంజినీర్ల పేర్లు వద్దు. ఆ రాత్రి బ్రిడ్జ్ కాల్‌లో కూర్చున్న కుర్రాడు ఎవరో నాకు తెలియదు గానీ, వాడి అరచేతుల్లో చెమట ఎలా ఉంటుందో తెలుసు. వాణ్ని కాపాడండి. కారణాన్ని కాపాడకండి. ఇంకొక్కటి: మీ నెట్‌వర్క్ పడిపోయిందని మీ స్టేటస్ పేజీయే ఒప్పుకున్న గంటల్లో, కొన్న ఆటలు ఏ కన్సోల్‌లో ఉన్నా అనుమతి అడక్కుండా తెరుచుకునేలా ఒక ఏర్పాటు చేయించండి. వారం రోజుల గడువు పెట్టండి, దుర్వినియోగం అవుతుందనుకుంటే మూడు రోజులు పెట్టండి. ఇది కష్టమైన పని కాదని మీ ఇంజినీర్లకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ పేజీ జపనీస్‌లో రాసినా ఫర్వాలేదు. ఇక్కడ మేం చదివించుకుంటాం.

ఇట్లు,
రాత్రి షిఫ్టు సర్వర్ కాపలాదారు,
మాధాపూర్, హైదరాబాద్